పాత ట్రాక్టరుకు ఆల్టర్నేటర్

పాత ట్రాక్టరులో బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కించే పని డైనమోది. ఇంజను పక్కన, ఫ్యాన్ బెల్టు తిప్పితే తిరిగే పొడవాటి ఇనుప గొట్టంలా కనిపిస్తుంది. 1960, 70 దశకాల్లో కృష్ణా డెల్టా పొలాల్లోకి దిగిన ట్రాక్టర్ల తరం మొత్తం దాదాపు డైనమో తరమే. మద్రాసులో టాఫే తయారుచేసిన మాస్సీ ఫెర్గూసన్లు, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ నమూనాలో వచ్చిన మహీంద్రా బి-275లు, హెచ్‌ఎంటీ జెటార్లు ఆ తరానివే. వాటిలో కొన్ని ఇంకా పనిచేస్తున్నాయి. ఇంజను, గేరుబాక్సు బాగానే ఉండి, పొద్దున్నే సెల్ఫ్ తిరగక నలుగురు తోస్తే తప్ప కదలని బండ్లు కొండపల్లి నుంచి దివిసీమ దాకా చాలాచోట్ల కనిపిస్తాయి. అలాంటి బండికి కొత్త బ్యాటరీ కొనడం రైతు మొదట చేసే పని. చాలాసార్లు అది దండగ ఖర్చు, ఎందుకంటే లోపం కరెంటును దాచే చోట లేదు, పుట్టించే చోట ఉంది.

ఖాళీ అయ్యేది ఎక్కడ?

బ్యాటరీని పీల్చేసేది సెల్ఫే అని అందరి నమ్మకం. లెక్క వేస్తే అది నిలబడదు. డీజిల్ ఇంజనును తిప్పేటప్పుడు సెల్ఫ్ మోటారు సుమారు 300 ఆంపియర్లు లాగుతుంది, కానీ 6 సెకన్లలో ఇంజను అందుకుంటుంది. 300ని 6తో గుణించి గంటల్లోకి మారిస్తే తేలేది అర ఆంపియర్-అవర్ మాత్రమే. ట్రాక్టరుకు మామూలుగా వేసే 88 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి అది లెక్కలోకే రాదు.

అసలు ఖర్చు దీపాలది. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు వదిలాక సార్వా నాట్లకు అందరికీ ఒకేసారి తొందర. దమ్ము చక్రాలు తగిలించిన ట్రాక్టరుకు పగలూ రాత్రీ తేడా ఉండదు. ముందు రెండు, వెనక రెండు 55 వాట్ల హాలోజన్ దీపాలు, వాటికి తోడు చిన్న లైట్లు కలిపితే 240 వాట్లు, అంటే 12 వోల్టుల మీద 20 ఆంపియర్లు. ఆ కాలపు లూకాస్ సీ-40 రకం డైనమో పూర్తి వేగంలో ఇచ్చేది 22 ఆంపియర్లు. అంతకు ముందు తరం డైనమోలు ఇచ్చేది ఇంకా తక్కువ. బండి మొదట తయారైనప్పుడు దానికి అన్ని దీపాలు లేవు గనుక అప్పట్లో ఆ డైనమో సరిపోయింది.

పూర్తి వేగంలో ఉన్నా మిగిలేది రెండు ఆంపియర్లయితే, ఇంజను నెమ్మదించినప్పుడు ఆ రెండూ ఉండవు. సీ-40 డైనమో నిమిషానికి దాదాపు 1450 చుట్లు తిరిగితేగానీ ఛార్జింగ్ మొదలుపెట్టదు. ఇంజను 700 చుట్ల మీద ఊరికే తిరుగుతుంటే, పుల్లీల నిష్పత్తి 1.7 అయితే, డైనమో తిరిగేది 1200 లోపే. గట్టు మీద ఆగిన బండి, ఉయ్యూరు చక్కెర మిల్లు దగ్గర చెరకు లోడుతో వరసలో ఇంజను ఆపకుండా నిలబడిన బండి, దీపాలు వెలుగుతున్నంతసేపూ బ్యాటరీ మీదే బతుకుతాయి. గంటకు 20 చొప్పున రెండు గంటలు గడిస్తే సగం బ్యాటరీ అయిపోతుంది. తెల్లవారి సెల్ఫ్ 'టక్' అని ఊరుకుంటే నింద సెల్ఫ్ మీద పడుతుంది.

ఏది తిరగాలి, ఏది ఆగాలి

తీగచుట్ట దగ్గర అయస్కాంత క్షేత్రం మారితే చుట్టలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో చూపించాడు. చుట్ట తిరిగినా, అయస్కాంతం తిరిగినా ఫలితం ఒకటే. డైనమోకూ ఆల్టర్నేటర్‌కూ మధ్య తేడా అంతా ఈ ఎంపికలోనే ఉంది.

డైనమోలో అయస్కాంత క్షేత్రం కదలదు. గొట్టం లోపలి గోడకు బిగించిన ఫీల్డ్ కాయిల్స్ దాన్ని ఏర్పరుస్తాయి. మధ్యలో ఆర్మేచర్ తిరుగుతుంది. పుట్టిన కరెంటు ఆ తిరిగే చుట్టల్లోనే ఉంటుంది కాబట్టి బయటికి రావాలంటే కమ్యుటేటర్ రాగి పలకల మీదుగా, వాటిని రాసుకునే కార్బన్ల మీదుగా రావాలి. చుట్టల్లో అటూ ఇటూ మారే కరెంటును ఒకే దిక్కుకు మళ్లించేది కూడా ఆ కమ్యుటేటరే. 22 ఆంపియర్లూ కార్బన్ ముక్కల గుండా నడవాల్సిందే. కార్బన్లు అరుగుతాయి, రాగి పలకల మధ్య నిప్పురవ్వలు లేస్తాయి. ఆర్మేచర్‌ను మరీ వేగంగా తిప్పితే గాడుల్లోని తీగలు బయటికి ఎగదన్నుతాయి. అందుకని పుల్లీని చిన్నది చేసి డైనమోనే మరింత వేగంగా తిప్పుదామనే ఉపాయం కొంతవరకే పారుతుంది.

డైనమోకు తోడుగా ఒక రెగ్యులేటర్ పెట్టె ఉంటుంది. మెకానిక్కులకు పెట్టె మొత్తం 'కటౌటే', కానీ లోపల రెండు మూడు వేర్వేరు పనులు నడుస్తాయి. డైనమో వోల్టేజి బ్యాటరీని మించినప్పుడే దారి తెరిచి, తగ్గగానే మూసేది అసలు కటౌట్. అది లేకపోతే బ్యాటరీ కరెంటు వెనక్కి పారి డైనమోనే మోటారులా తిప్పాలని చూస్తుంది, తీగలు కాలిపోతాయి. వోల్టేజి మితిమీరకుండా సెకనుకు ఎన్నోసార్లు కొట్టుకుంటూ ఫీల్డ్ కరెంటును తగ్గించేది రెండో రిలే. కొన్ని పెట్టెల్లో ఆంపియర్లను అదుపులో పెట్టే మూడోదీ ఉంటుంది. అన్నీ స్ప్రింగులు, కాంటాక్టు పాయింట్లే. వానాకాలం చెమ్మకు పాయింట్లు మసిబారితే ఛార్జింగ్ ఆగిపోతుంది, అతుక్కుపోతే బ్యాటరీ ఉడికిపోతుంది.

ఆల్టర్నేటర్ ఈ అమరికను తిరగేసింది. ఇందులో తిరిగేది అయస్కాంతం. రోటర్ మధ్యలో ఒకే చుట్ట, దానికి రెండు వైపులా ఒకదానిలో ఒకటి దూరిన గోళ్లలాంటి ఇనుప ధ్రువాలు, సాధారణంగా మొత్తం 12 ఉంటాయి. కరెంటు పుట్టేది చుట్టూ కదలకుండా ఉన్న స్టేటర్ చుట్టల్లో. బయటికి వెళ్లే అసలు కరెంటు ఏ కార్బన్‌నూ తాకదు. నున్నటి స్లిప్ రింగుల మీదుగా రోటర్‌కు వెళ్లేది మహా అయితే 3 ఆంపియర్లు. అందుకే ఈ కార్బన్లు ఏళ్ల తరబడి ఉంటాయి, రోటర్ నిమిషానికి 12 వేల చుట్లు తిరిగినా తట్టుకుంటుంది.

ఈ ఏర్పాటుకు ఎంతో పెద్ద అన్న కొండపల్లి పక్కనే ఉన్నాడు. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో 1979లో మొదటి యూనిట్ మొదలైంది. అక్కడి 210 మెగావాట్ల యంత్రాల్లోనూ తిరిగేది అయస్కాంతమే, కరెంటు పుట్టేది కదలని చుట్టల్లోనే. అంత కరెంటును కార్బన్ల గుండా తీసే మార్గం ఎవరికీ లేదు. ఆ రోటర్‌కు రెండే ధ్రువాలు, నిమిషానికి 3000 చుట్లు, అంటే 50 హెర్ట్జ్. 12 ధ్రువాలున్న ట్రాక్టరు ఆల్టర్నేటర్ అదే వేగంతో తిరిగితే 300 హెర్ట్జ్ వస్తుంది.

అయితే బ్యాటరీకి కావలసింది ఒకే దిక్కున పారే కరెంటు. ఈ సమస్య వల్లే మోటారు వాహనాలు చాలాకాలం డైనమోను వదల్లేదు. సెమీకండక్టర్ల యుగంలో సిలికాన్ డయోడ్లు చవకయ్యాక దారి దొరికింది. 1960 నమూనా వాలియంట్ కారుతో క్రైస్లర్ ఆల్టర్నేటర్‌ను మామూలు కార్లలోకి తెచ్చింది. మోటారు పంపు ఫుట్ వాల్వు నీటిని పైకి పోనిచ్చి కిందికి దిగనివ్వనట్టే, డయోడ్ కరెంటును ఒక దిక్కుకే పోనిస్తుంది. స్టేటర్‌లోని మూడు ఫేజులకు ఆరు డయోడ్లు. బ్యాటరీ కరెంటు వెనక్కి పారకుండా ఆపేదీ ఇవే గనుక కటౌట్ అక్కర్లేదు. ఆంపియర్ల అదుపూ అక్కర్లేదు. వేగం పెరిగేకొద్దీ స్టేటర్ చుట్టల అడ్డంకి కూడా పెరగడంతో కరెంటు ఒక హద్దు దగ్గర దానంతటదే ఆగిపోతుంది. మిగిలింది వోల్టేజి అదుపు ఒక్కటే. అగ్గిపెట్టెంత ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఆల్టర్నేటర్ వెనకాలే కూర్చుని ఆ పని చూస్తుంది.

ఏ ఆల్టర్నేటర్?

పెద్దదే మంచిదన్న సూత్రం ఇక్కడ చెల్లదు. రెగ్యులేటర్ లోపలే ఉన్న 36 ఆంపియర్ల రకం పాత ట్రాక్టరుకు చక్కగా సరిపోతుంది, 45 అయినా ఫరవాలేదు. 36 ఆంపియర్లను 14 వోల్టులతో గుణిస్తే 500 వాట్లు. బెల్టు, బేరింగులు, డయోడ్ల నష్టాలు కలిపి దానికి ఇంజను పెట్టే బలం ఒకటిన్నర హార్స్‌పవర్ లోపే. 90 ఆంపియర్ల కారు ఆల్టర్నేటర్ చవకగా దొరికిందని తగిలిస్తే, ఖాళీ బ్యాటరీ మీద అది ఒక్కసారిగా లాగినప్పుడు పాత ఒంటి బెల్టు జారుతుంది, పాత వైరింగ్ వేడెక్కుతుంది. విజయవాడ పటమటలో 1966 నుంచి ఉన్న ఆటోనగర్‌లో సెల్ఫ్, డైనమో పని చేసే షాపుల్లో రీకండిషన్ చేసిన ఆల్టర్నేటర్లు దొరుకుతాయి. కొనేముందు షాపులోనే బెంచి మీద తిప్పించి, దీపాల లోడు పెట్టించి వోల్టేజి చూసుకోవడం మంచిది.

పుల్లీని ఇంజను వేగానికి రెండున్నర రెట్లు తిరిగేలా ఎంచుకోవాలి. 700 చుట్ల దగ్గర ఆల్టర్నేటర్ 1750 చుట్లు తిరుగుతూ పది ఆంపియర్ల దాకా ఇస్తుంది. ఇంజను 2200కి చేరినా అది 5500 దాటదు కాబట్టి దానికి ఎలాంటి ఇబ్బందీ లేదు.

ముందు ఎర్త్ సంగతి

బ్రిటిష్ నమూనాలో వచ్చిన పాత ట్రాక్టర్లలో కొన్నింటికి బ్యాటరీ పాజిటివ్ కొన బాడీకి కలిపి ఉంటుంది. ఇప్పటి ఆల్టర్నేటర్లు నెగటివ్ బాడీకి కలిసే పద్ధతికి తయారైనవి. తిరగేసి కలిపితే డయోడ్లు రెప్పపాటులో పోతాయి. అందుకని స్పానర్ పట్టేముందు బ్యాటరీ ఏ కొన నుంచి కేబుల్ ఛాసిస్‌కు వెళ్తోందో చూడాలి.

మార్చడం కష్టమేమీ కాదు. బ్యాటరీ కేబుళ్లు అటుదిటు చేయాలి. పాజిటివ్ కొన నెగటివ్ కంటే కాస్త లావు గనుక క్లాంపులు కూడా మార్చాలి. ఆమ్మీటర్ వెనక రెండు వైర్లు తారుమారు చేయాలి, లేకపోతే ముల్లు వెనక్కి చూపిస్తుంది. బల్బులకు దిక్కుతో పనిలేదు. సెల్ఫ్ మోటారులో ఫీల్డూ ఆర్మేచరూ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి రెండింటిలోనూ కరెంటు ఒకేసారి తిరగబడి, అది ఎప్పటి దిక్కులోనే తిరుగుతుంది. డీజిల్ బండికి ఇగ్నిషన్ కాయిల్ ఉండదు, ఆ గొడవ లేదు. తర్వాత బిగించిన పాటల పెట్టె, ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ లాంటివి ఉంటే ముందుగా విప్పి, కొత్త ఎర్త్‌కు తగ్గట్టు మళ్లీ కలపాలి.

బిగింపు

డైనమో సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఆల్టర్నేటర్ పొట్టిగా లావుగా ఉంటుంది. డైనమో కూర్చున్న రెండు చెవుల మధ్య ఎడం ఆల్టర్నేటర్‌కు ఎక్కువవుతుంది. ఆ ఖాళీని నింపడానికి లేత్ మీద తీసిన ఇనుప బుష్ కావాలి. వాషర్లు పేర్చి నెట్టుకొస్తే నెల తిరక్కుండానే వదులవుతుంది. క్రాంక్ పుల్లీ, వాటర్ పంపు పుల్లీ, ఆల్టర్నేటర్ పుల్లీ మూడూ ఒకే గీతలో ఉండాలి. పుల్లీల అంచులకు ఇనుప స్కేలు ఆనించి చూస్తే మిల్లీమీటరు తేడా కూడా తెలుస్తుంది. బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే సెంటీమీటరు దిగాలి. అంతకంటే బిగిస్తే వాటర్ పంపు బేరింగుకు చేటు.

కరెంటు పుట్టడానికి ఆల్టర్నేటర్ ఏ దిక్కున తిరిగినా ఒకటే. కానీ ముందున్న చల్లార్చే ఫ్యాన్ రెక్కలు ఒక దిక్కుకే వంచి ఉంటాయి, అది చూసుకోవాలి. కొన్ని డైనమోల వెనక ఆర్‌పీఎం మీటరును తిప్పే గేరు ఉంటుంది. అలాంటి బండిలో డైనమో తీసేస్తే ఆ మీటరు ఆగిపోతుంది, దానికి వేరే దారి ముందే ఆలోచించుకోవాలి. దమ్ములో ఎగిసే బురదనీళ్లు నేరుగా తగలకుండా కింద ఒక రేకు అడ్డం పెట్టడం అవసరం. డైనమో దాదాపు మూసిన గొట్టం, ఆల్టర్నేటర్ గాలి కోసం అన్నివైపులా తెరిచినది. కొండపల్లి, పరిటాల వైపు కంకర తోలే బండ్లకు బురద కన్నా క్రషర్ దుమ్ము ప్రమాదం. అది స్లిప్ రింగుల మీద చేరి ఆకురాయిలా అరగదీస్తుంది, అప్పుడప్పుడు గాలి కొట్టించి ఊదించాలి.

వైర్లు

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ ఎర్త్ కేబుల్ తీసేయాలి. డైనమో నుంచి రెగ్యులేటర్ పెట్టెకు రెండు వైర్లు వస్తాయి, లావుది డీ, సన్నది ఎఫ్. పెట్టె అవతలి వైపున్న 'ఏ' (A) అనే కొన నుంచి ఆమ్మీటర్ మీదుగా బ్యాటరీకి దారి. ఆల్టర్నేటర్ వచ్చాక ఈ పెట్టెతో పనిలేదు. బండి పాత రూపు చెడకూడదనుకునేవాళ్లు పెట్టెను అక్కడే ఉంచి, లోపలి రిలేలు తీసేసి, వైర్లు కలిపే జంక్షన్‌లా వాడతారు. చక్కటి పద్ధతే, రిలేలు నిజంగా తీసేస్తే. కటౌట్‌లో వోల్టేజి చుట్ట ఒక కొన ఎర్త్‌కు కలిసి ఉంటుంది. దాన్ని అలాగే వదిలి బ్యాటరీ వైరును ఆ కొనలకు కలిపేస్తే, బండి షెడ్డులో ఉన్నా రాత్రంతా బ్యాటరీ ఆ చుట్ట గుండా కారిపోతూ ఉంటుంది.

పాత లావు వైరును అలాగే వాడుకోవచ్చా అన్నది ఎక్కువమంది తప్పు చేసే చోటు. 3 మీటర్ల పొడవున్న 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 36 ఆంపియర్లు పారితే ముప్పావు వోల్టు దారిలోనే పోతుంది. ఆల్టర్నేటర్ దగ్గర 14.2 ఉన్నా బ్యాటరీకి చేరేది 13.5 లోపే. అంతా కొత్తదే వేసినా ఛార్జింగ్ సరిగా ఎక్కదు. అదే 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం 0.3 వోల్టు. ఆల్టర్నేటర్ బాడీ నుంచి ఛాసిస్‌కు విడిగా ఒక ఎర్త్ తీగ కూడా వేయాలి. రంగు, తుప్పు పేరుకున్న బ్రాకెట్‌ను నమ్ముకోకూడదు. పాత ఆమ్మీటర్ 30 దాకానే చూపించేదయితే దాన్ని దారిలోంచి తప్పించి, ఆ స్థానంలో వోల్ట్‌మీటర్ పెట్టడం మేలు. బ్యాటరీ స్థితిని అదే మరింత నిజంగా చెబుతుంది.

లావు వైరు కాక మిగిలేది డ్యాష్‌బోర్డు ఎర్ర దీపం వైరు. ఇది డ్రైవర్‌కు హెచ్చరికే అనుకుని వదిలేసేవాళ్లున్నారు, కానీ ఆల్టర్నేటర్‌ను నిద్రలేపేది ఇదే. డైనమో ఇనుములో మిగిలిపోయే కాస్త అయస్కాంతం దాని ఆరంభానికి చాలు. ఆల్టర్నేటర్‌లో అది నెమ్మది వేగానికి చాలదు. తాళం తిప్పగానే 2.2 వాట్ల బల్బు గుండా 0.18 ఆంపియర్ రోటర్‌లోకి వెళ్తుంది, ఆ కొంచెం అయస్కాంతంతో కరెంటు పుట్టడం మొదలవుతుంది. ఆ తర్వాత రోటర్‌కు కావలసింది ఆల్టర్నేటరే ఇచ్చుకుంటుంది. బల్బుకు రెండు వైపులా ఒకే వోల్టేజి వచ్చేసరికి దీపం ఆరిపోతుంది. బల్బు మాడిపోతే ఇంజనును గట్టిగా రైజ్ చేస్తేగానీ ఛార్జింగ్ అందుకోదు. బల్బు స్థానంలో చిన్న ఎల్‌ఈడీ పెట్టినా అదే తంటా, దాని గుండా తగినంత కరెంటు పోదు. డైనమో ఎఫ్ వైరు ఇప్పుడు ఖాళీ కాబట్టి, దాన్ని రెండు వైపులా పాత కొనల నుంచి విప్పి ఈ దీపానికి వాడుకోవచ్చు.

పరీక్ష, జాగ్రత్తలు

ఇంజను ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ కొనల మధ్య 12.6 వోల్టులు ఉండాలి. ఇంజను 1200 చుట్ల దగ్గర నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య. దీపాలన్నీ వేసినా 13.5 కంటే కిందికి దిగకూడదు. మల్టీమీటరును ఏసీ వైపు తిప్పి అవే కొనల మీద పెడితే కనిపించేది వోల్టులో పదో వంతు లోపే ఉండాలి. అర వోల్టు దాటితే ఒక డయోడ్ పోయినట్టే. డీసీ కొలతలో ఈ లోపం తెలీకపోవచ్చు, ఆల్టర్నేటర్ మూలుగులో మాత్రం తెలుస్తుంది.

విజయవాడ మే నెల ఎండలో 14.4 వోల్టులు బ్యాటరీకి ఎక్కువే. వేడి పెరిగేకొద్దీ లెడ్ బ్యాటరీకి తక్కువ వోల్టేజి చాలు, 25 డిగ్రీల దగ్గర 14.2 కోరేది 45 దగ్గర 13.8తో నిండుతుంది. రెగ్యులేటర్లలో ఈ సవరణ కొంత తయారీలోనే ఉంటుంది. అయినా వేసవిలో డిస్టిల్డ్ వాటర్ మట్టం తరచూ చూసుకోవాలి.

డైనమో భరించి ఆల్టర్నేటర్ భరించలేనివి మూడున్నాయి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ పీకి 'ఛార్జింగ్ ఉందా' అని చూసే పాత అలవాటు మొదటిది. ఆ క్షణాన ఎగిసే వోల్టేజి డయోడ్లనూ రెగ్యులేటర్‌నూ కాల్చేస్తుంది. వేరే బండి నుంచి కరెంటు తెచ్చుకునేటప్పుడు కొనలు తారుమారు చేయడం రెండోది. మూడోది వెల్డింగ్. బండికి తగిలించి ఉండగానే దమ్ము చక్రాల విరిగిన పట్టీలకూ, ట్రక్కు కొక్కేలకూ అతుకులు వేయించడం డెల్టాలో మామూలు. వెల్డింగ్ కరెంటు ఛాసిస్ గుండా దారి వెతుక్కుంటూ ఆల్టర్నేటర్‌లోకి రావచ్చు. అందుకని ముందుగా బ్యాటరీ కొనలు, ఆల్టర్నేటర్ వైర్లు విప్పి, వెల్డింగ్ ఎర్త్ క్లిప్పును అతుకు పక్కనే పెట్టించాలి.

పొలం పని మానేసి, పాత యంత్రంగా ప్రదర్శనకు ఉంచిన ట్రాక్టరుకు ఈ మార్పు అవసరం లేదు. పగటిపూట కాసేపు నడిచే బండికి మరమ్మతు చేసిన డైనమో చాలు, అసలు రూపూ నిలుస్తుంది. పనిచేసే బండి నుంచి తీసిన డైనమోను రాగి బరువుకు అమ్మేయకుండా, దాని పుల్లీ, బ్రాకెట్, రెగ్యులేటర్ పెట్టె, బోల్టులతో కలిపి గోనెసంచిలో చుట్టి, వెనక బుష్‌లో రెండు చుక్కల నూనె వేసి ఉంచితే, ఎప్పుడైనా బండిని మొదటి రూపుకు తేవాలనుకున్నప్పుడు విడిభాగాల కోసం తిరిగే పని ఉండదు.